విద్యార్థి విజువల్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టులో లైవ్ యాక్షన్ షాట్లు: ప్రణాళిక, చిత్రీకరణ

వ్యాససంగ్రహం

విజువల్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టు అనగానే కంప్యూటర్ ముందు జరిగే పని స్ఫురించడం సహజం. ఆ పనికి ఆధారమైన లైవ్ యాక్షన్ షాట్ మాత్రం కెమెరా ముందే రూపొందుతుంది. చిత్రీకరణ వేళ నమోదు కాని కొలతను, వెలుతురును, ఖాళీ నేపథ్యాన్ని తరువాత ఊహతో పూరించవలసి వస్తుంది. విద్యార్థుల ప్రాజెక్టులలో కనిపించే లోపాలలో అధికభాగానికి మూలం ఇక్కడే ఉంది. మాస్క్ షాట్, కదిలే కెమెరా షాట్, గ్రీన్ మ్యాట్ షాట్ అనే మూడు రకాల చిత్రీకరణను ఒక నమూనా ప్రాజెక్టు ఆధారంగా వివరించి, చిత్రీకరణ పత్రాలకు మూల్యాంకనంలో ఉండవలసిన స్థానాన్ని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విజువల్ ఎఫెక్ట్స్, లైవ్ యాక్షన్, ప్లేట్, మాస్క్ షాట్, ట్రాకింగ్, గ్రీన్ మ్యాట్, లాగ్ షీట్.

1. ఉపోద్ఘాతం

1957లో విడుదలైన ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుని నోటిలోకి చేరే సన్నివేశం తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితం. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పనిచేసిన ఆ కాలంలో ఇటువంటి దృశ్యాలను ట్రిక్ ఫోటోగ్రఫీ అనేవారు. కె.వి.రెడ్డి రిహార్సల్ దశలోనే స్టాప్‌వాచ్ పట్టుకొని ప్రతి సన్నివేశపు నిడివిని లెక్కించేవారన్నది సినిమా చరిత్రకారులు తరచు ప్రస్తావించే విషయం. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’లో రావణుని దశకంఠరూపాన్ని ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ మాస్క్ పద్ధతిలో సాధించారు.

ఈ మాస్క్ పద్ధతి ఎలా పనిచేసేదో గమనిస్తే నాటి క్రమశిక్షణకు కారణం తెలుస్తుంది. కెమెరా ముందు ఒక నల్లని అడ్డును అమర్చి ఫ్రేములో కొంత భాగాన్ని మూసివేస్తారు. మిగిలిన భాగంలో దృశ్యాన్ని చిత్రీకరిస్తారు. ఆపై ఫిల్మును వెనక్కు తిప్పి, మొదట తెరచిన భాగాన్ని మూసి, మూసిన భాగాన్ని తెరచి, అదే ఫిల్ముపై రెండవ దృశ్యాన్ని చిత్రీకరిస్తారు. రెండవసారి పొరపాటు జరిగితే ఆ దృశ్యంతోపాటు మొదట బాగా వచ్చినది కూడా నష్టమవుతుంది. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు తెరపై కనిపిస్తుంది. అందువల్ల ముందుగా కాగితంపై లెక్క తేలకుండా కెమెరాను తాకే వీలు ఉండేది కాదు.

నేడు ఆ రెండు భాగాలూ వేరువేరు ఫైళ్లుగా ఉంటాయి. ఒకటి చెడితే రెండవది చెడదు. ఈ సౌలభ్యం భయాన్ని పోగొట్టింది, భయంతోపాటు లెక్కను కూడా పోగొట్టింది. ‘సీజీలో చూసుకుందాం’ అనే మాట సెట్లపై వినిపించడం మొదలై చాలాకాలమైంది. వృత్తి సంస్థలలో ఆ మాటకు అయ్యే ఖర్చును భరించే నిర్మాత ఒకరుంటారు. విద్యార్థి ప్రాజెక్టులో దానిని చెల్లించేది విద్యార్థి కాలమే.

ఆ కాలం ఎంతో ఒక చిన్న గుణకారం చెబుతుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల షాట్‌లో 240 ఫ్రేములుంటాయి. నేపథ్యం నుండి నటుని వేరు చేయడానికి ఫ్రేముకు ఐదు నిమిషాలు చొప్పున చేతితో గీతలు గీయవలసి వస్తే 20 గంటలు కావాలి. నటుని వెనుక ఒక వస్త్రాన్ని సరిగా వేలాడదీయడానికి పట్టేది అరగంట.

2. పరిభాష గురించి

విజువల్ ఎఫెక్ట్స్‌కు ‘దృశ్య ప్రభావాలు’ అనే అనువాదం అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆ మాటతో పనిచేసేవారు మాత్రం అరుదు. తెలుగు చిత్రరంగంలో వాడుక పదాలు వేరు: కంప్యూటర్‌పై జరిగే పని సీజీ, ఆకుపచ్చ తెర గ్రీన్ మ్యాట్, ఒకే నటుడు రెండుగా కనిపించే చిత్రణ మాస్క్ షాట్. ఈ వ్యాసం ఆ వాడుకనే అనుసరిస్తుంది. ప్లేట్ అన్న పదానికి మాత్రం వివరణ అవసరం. తరువాత ఏదో ఒకటి చేర్చడానికో తీసివేయడానికో ఆధారంగా చిత్రించి పెట్టుకొన్న నిజదృశ్యమే ప్లేట్. నటులు, కదిలే వస్తువులు లేకుండా అదే కోణంలో తీసినది ఖాళీ ప్లేట్. విద్యార్థులు తరచు మరచిపోయేదీ, తరువాత అత్యధికంగా విచారించేదీ దీని గురించే.

3. నమూనా ప్రాజెక్టు

వివరణ సౌలభ్యం కోసం ఒక చిన్న ప్రాజెక్టును ఊహించుకోవచ్చు. హాస్టల్ మెస్‌లో ఒక విద్యార్థి ఒంటరిగా బల్ల ముందు కూర్చుంటాడు. ఎదుటి కుర్చీలో అతడే మరొకడై ప్రత్యక్షమవుతాడు. పళ్లెంలోని లడ్డూ గాలిలోకి లేచి రెండవవాని నోటిలోకి వెళుతుంది. మొదటివాడు బెదరి కిటికీవైపు చూస్తే బయట కళాశాల ఆవరణకు బదులు ఒక పురాణనగరం కనిపిస్తుంది. మొత్తం 40 సెకన్లు, మూడు షాట్లు. ఒక సెమిస్టర్‌లో ముగ్గురు విద్యార్థులు పూర్తిచేయగల పరిమాణమిది. మూడు షాట్లూ మూడు భిన్న సమస్యలను ముందుంచుతాయి.

4. కాగితంపై జరగవలసిన పని

స్టోరీబోర్డ్ గీయడం అందరూ చేసేదే. విజువల్ ఎఫెక్ట్స్ స్టోరీబోర్డ్‌లో అదనంగా ఉండవలసింది ఒక విభజన. ప్రతి చిత్రంలో కెమెరా ముందు నిజంగా ఉండేది ఏది, తరువాత సృష్టించేది ఏది అన్నది రెండు రంగులలో గుర్తించాలి. ఆ రెండు రంగులు తాకే చోటే కష్టం ఉంటుంది. లడ్డూ గాలిలో ఉన్నంతసేపు సమస్య స్వల్పం. అది పళ్లెం నుండి విడివడే క్షణం, పెదవులను తాకే క్షణం క్లిష్టమైనవి. ఆ క్షణాలను గుర్తించగలిగితే కథనాన్నే కొంత మార్చుకొనే అవకాశం లభిస్తుంది. లడ్డూ విడివడే వేళ మొదటివాని భుజం దానికి అడ్డుగా వచ్చేలా కెమెరాను నిలిపితే ఒక పూట పని తగ్గుతుంది. ఇది మోసం కాదు, ఈ కళలో ఇదే నేర్పు.

స్టోరీబోర్డ్ తరువాత గదిని పైనుండి చూసినట్లు ఒక పటం గీయాలి. బల్ల, కుర్చీలు, కిటికీ, కెమెరా, దీపాల స్థానాలు అడుగులతో సహా అందులో ఉండాలి. స్థలపరిశీలనకు చిత్రీకరణ జరిగే వేళకే వెళ్లాలి. ఉదయం చూసి సాయంత్రం చిత్రీకరించడం వేరొక గదిలో చిత్రీకరించడంతో సమానం. సూర్యుడు ఆకాశంలో గంటకు సుమారు 15 డిగ్రీలు జరుగుతాడు. మాస్క్ షాట్‌లో మొదటి భాగానికి, రెండవ భాగానికి మధ్య దుస్తులు మార్చుకోవడానికీ టీ తాగడానికీ గంటసేపు గడిస్తే, బల్లపై పడిన కిటికీ ఎండ రెండు భాగాలలో రెండు చోట్ల ఉంటుంది. అతుకు రేఖ వద్ద ఎండ ముక్క తెగిపోతుంది. నేరుగా ఎండ పడని వేళను ఎంచుకోవడం, లేదా కిటికీకి తెల్లని వస్త్రం కట్టి వెలుతురును మెత్తబరచడం దీనికి మార్గాలు.

అనుమతుల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కళాశాల లోపలైతే వార్డెన్ రాతపూర్వక అంగీకారం చాలు. పురాతన కోట నేపథ్యంగా కావాలనుకొంటే, అది కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నట్లయితే ఆ శాఖ అనుమతి ముందే పొందాలి.

5. మొదటి షాట్: ఒకే నటుడు రెండుగా

1964 నాటి ‘రాముడు భీముడు’లో ఎన్.టి.రామారావు ద్విపాత్రాభినయం చూసిన తరానికి ఈ షాట్‌లో వింత లేదు. సూత్రం నాటిదే. కెమెరా కదలకూడదు. ట్రైపాడ్ కాళ్లను టేపుతో నేలకు అతికించి, మధ్యలో ఇసుక సంచీ వేలాడదీయాలి. రికార్డింగ్ మీటను వేలితో నొక్కినప్పుడు కలిగే స్వల్ప కదలిక కూడా చాలు షాట్ చెడడానికి. రిమోట్ గానీ టైమర్ గానీ వాడడం మేలు.

ఫోన్‌తో చిత్రీకరించే విద్యార్థులకు మరొక చిక్కు ఉంది. నటుడు ఎడమ కుర్చీ నుండి కుడి కుర్చీకి మారగానే ఫోన్ తనంతట తానే ఎక్స్‌పోజర్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను, ఫోకస్‌ను సవరించుకొంటుంది. ఫలితంగా ఒకే గోడ ఒకసారి పసుపుగా, మరొకసారి నీలంగా నమోదవుతుంది. ఈ మూడింటినీ చేతితో నిర్ణయించి స్థిరపరచాలి. కొన్ని ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని సైతం మార్చుకొంటాయి. స్థిరమైన వేగాన్ని ఇచ్చే యాప్‌తో చిత్రీకరించకపోతే రెండు భాగాలలోని నటన కాలక్రమంలో సరిపోలదు.

అతుకు రేఖ ఎక్కడ ఉండాలన్నది ముందే నిర్ణయించాలి. ఆ రేఖపై నిశ్చలమైనవే ఉండాలి. మెస్ గదిలో ఇది అనుకొన్నంత సులభం కాదు. తలపై తిరిగే ఫ్యాను రెక్కల నీడ బల్లమీదుగా పోతుంది. కిటికీ పరదా కదులుతుంది. మోచేయి ఆనించగానే బల్లగుడ్డ ముడత మారుతుంది. ఫ్యాను ఆపివేయాలి, పరదా ముడివేయాలి, బల్లగుడ్డను పిన్నులతో బిగించాలి. మొదటివాని చేయి గానీ నీడ గానీ రేఖను దాటకుండా బల్లపై చిన్న గుర్తు పెట్టి నటునికి చూపాలి.

చూపుల దిశ మరొక అంశం. లేని మనిషి కళ్లలోకి చూడమంటే నటుడు సహజంగా కుర్చీ వీపును చూస్తాడు. తలెత్తు ఎంతో కొలిచి, ఆ ఎత్తులో ఒక కర్రకు బంతి గుచ్చి నిలబెట్టాలి. రేఖకు అవతల ఉన్నంతవరకు ఆ కర్ర తుది దృశ్యంలో కనిపించదు. సంభాషణ ఉంటే మొదటి భాగపు ధ్వనిని రెండవ భాగం చిత్రించేటప్పుడు ఇయర్‌ఫోన్‌లో వినిపించాలి. ఇక్కడ కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ మళ్లీ పనికివస్తుంది. ప్రతి మాటకూ ప్రతి విరామానికీ సెకన్ల లెక్క రాసుకొంటే రెండు నటనలూ కలుస్తాయి. చివరగా, కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్న ప్లేట్‌ను 10 సెకన్లపాటు తీయాలి.

6. రెండవ షాట్: కదిలే కెమెరా, లేని లడ్డూ

లడ్డూ లేచేటప్పుడు కెమెరా బల్ల చుట్టూ మెల్లగా కదులుతుంది. కంప్యూటర్‌లో నిర్మించిన లడ్డూ నిజమైన గదిలో ఉన్నట్లు కనిపించాలంటే, నిజమైన కెమెరా ఏ క్షణంలో ఎక్కడ ఉందో లెక్కగట్టి అటువంటి కదలికనే కృత్రిమ కెమెరాకు ఇవ్వాలి. ఈ ప్రక్రియే ట్రాకింగ్. దీనికి ఆధారం దృశ్యంలోని స్థిరబిందువులు. కెమెరా పక్కకు జరిగినప్పుడు దగ్గరి బిందువు వేగంగా, దూరపు బిందువు నెమ్మదిగా జరుగుతున్నట్లు కనిపిస్తుంది. రైలు కిటికీలోంచి తంతిస్తంభాలను, దూరపు కొండలను చూసినవారికి ఈ భేదం అనుభవమే. ఆ భేదం నుండే సాఫ్ట్‌వేర్ లోతును గణిస్తుంది.

దీని నుండి కొన్ని విషయాలు తేలుతాయి. కెమెరా ఉన్నచోటే ఉండి తల తిప్పినట్లు తిరిగితే ఈ భేదం పుట్టదు, లోతు తెలియదు. బిందువులన్నీ ఒకే గోడపై ఉన్నా చిక్కే. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఎంపిక చేసిన రెండు కీలక ఫ్రేములలోనూ కనిపించే బిందువులు కనీసం 8 కావాలి. సున్నం వేసిన మెస్ గోడపై, నునుపైన బల్లపై అవి సహజంగా దొరకవు. అందుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. ముదురు రంగు బొట్టుబిళ్లలను బల్లపై, గోడపై, కుర్చీ వీపుపై, వేరువేరు లోతులలో అతికిస్తే చాలు. నటుని జుట్టు వెనుకకు వచ్చే చోట మాత్రం అతికించరాదు. జుట్టు పోగుల మధ్యనుండి బిళ్లను చెరిపివేయడం పెట్టిన లాభాన్ని మించిన శ్రమ.

కెమెరా కదలిక నెమ్మదిగా ఉండాలి. వేగం ఎక్కువైతే బిందువులు మసకబారి గుర్తింపుకు అందవు. పైగా సాధారణ సెన్సర్లు చిత్రాన్ని పై వరుస నుండి కింది వరుసకు క్రమంగా చదువుతాయి కాబట్టి వేగంగా తిప్పినప్పుడు నిటారు స్తంభాలు వాలినట్లు నమోదవుతాయి. ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్‌ను తప్పక ఆపివేయాలి. అది ఫ్రేము ఫ్రేముకూ చిత్రాన్ని కోసి, జరిపి, కొంత సాగదీస్తుంది. కంటికి నిలకడగా తోచినా గణితానికి అది అబద్ధపు సాక్ష్యం. జూమ్‌ను మార్చరాదు. లెన్సు ఫోకల్ లెంగ్త్, కెమెరా సెన్సర్ పరిమాణం, నేల నుండి కెమెరా ఎత్తు, బల్ల పొడవు వెడల్పులు రాసుకోవాలి. బల్ల కొలత తెలియకపోతే లడ్డూ ఎంత ఉండాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఇక వెలుతురు. కృత్రిమ వస్తువు అతికించినట్లు కనిపించడానికి సాధారణ కారణం దాని ఆకృతి కాదు, దానిపై పడే వెలుగు గదికి చెందనిది కావడం. 1998లో పాల్ డెబెవెక్ సిగ్రాఫ్ సదస్సులో ప్రచురించిన పరిశోధన ఈ సమస్యకు మార్గం చూపింది. అద్దంలాంటి గోళాన్ని వస్తువు ఉండవలసిన చోట ఉంచి, వేరువేరు ఎక్స్‌పోజర్లలో ఛాయాచిత్రాలు తీసి, వాటిని కలిపి ఆ స్థలానికి నలుదిశల నుండి వచ్చే వెలుగును పటంగా మార్చే విధానమది. విద్యార్థులకు మెరుగుపెట్టిన స్టీలు గోళం ఒకటి, బూడిదరంగు పూసిన బంతి ఒకటి చాలు. స్టీలు గోళం దీపాలు ఎక్కడున్నాయో చూపుతుంది, బూడిద బంతి నీడ ఎంత గాఢమో చూపుతుంది.

వీటన్నిటికంటే విలువైన ఆధారం ఒక నిజమైన లడ్డూ. అదే కోణంలో, అదే దీపాల కింద ఒక విద్యార్థి సన్నని తీగకు లడ్డూను గుచ్చి పళ్లెం నుండి నోటివరకు తీసుకుపోతుండగా ఒక టేక్ తీసుకోవాలి. నెయ్యి మెరుపు, బూందీ పలుకుల మధ్య నీడ, స్టీలు పళ్లెంలో ప్రతిబింబం, రాలే పొడి అన్నీ అందులో ఉంటాయి. మూడు వారాల తరువాత కంప్యూటర్ ముందు ‘లడ్డూ ఇలా ఉంటుందా?’ అనే చర్చ తలెత్తినప్పుడు ఆ టేక్ ఒక్కటే తీర్పు చెప్పగలదు. నటుడు గాలిని నమిలితే దవడ బోలుగా కదులుతుంది. నోరు మూసే క్షణానికి ముందే బుగ్గన చిన్న ముక్క పెట్టుకొంటే నమలడం నిజమవుతుంది.

7. మూడవ షాట్: కిటికీ వెలుపలి నగరం

కిటికీ చట్రం నిజమైనదే, దాని వెలుపల గ్రీన్ మ్యాట్ ఉంటుంది. ఆకుపచ్చనే ఎందుకు వాడతారన్న ప్రశ్నకు రెండు కారణాలు చెప్పవచ్చు. మనిషి చర్మవర్ణానికి అది దూరమైనది. అంతేకాక ఎక్కువ కెమెరాల సెన్సర్లలో ప్రతి నాలుగు కాంతిగ్రాహకాలలో రెండు ఆకుపచ్చకే కేటాయింపు, అందుచేత ఆ రంగు సమాచారం శుభ్రంగా నమోదవుతుంది. నటి చీర అంచు ఆకుపచ్చ అయితే ఆ అంచు కూడా మాయమవుతుందన్నది అందరికీ తెలిసిన హాస్యమే అయినా ప్రతి ఏటా ఎవరో ఒకరికి అనుభవమవుతూనే ఉంటుంది.

మ్యాట్ ముడతలు లేకుండా, అంతటా సమాన వెలుతురుతో ఉండాలి. దానికి వేసే దీపాలు, నటునికి వేసే దీపాలు వేరుగా ఉండాలి. నటుడు మ్యాట్‌కు కనీసం ఆరేడు అడుగుల దూరంలో ఉంటే ఆకుపచ్చ ఛాయ అతనిపై తక్కువగా పడుతుంది. ఈ ఛాయ నూనె రాసిన జుట్టుపై, స్టీలు గ్లాసుపై, కళ్లద్దాలపై ముందుగా చేరుతుంది. గ్లాసును తీసివేయవచ్చు. జుట్టు మెరుపును పొడితో తగ్గించవచ్చు.

ఫోన్లు, చవక కెమెరాలు ఫైలు పరిమాణం తగ్గించడానికి రంగు సమాచారాన్ని కుదిస్తాయి. సాధారణంగా వాడే 4:2:0 పద్ధతిలో ప్రకాశం ప్రతి పిక్సెల్‌కూ నమోదవుతుంది గాని, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే. కంటికి ఈ లోపం తెలియదు. రంగు ఆధారంగానే అంచును కోయవలసిన గ్రీన్ మ్యాట్ పనిలో జుట్టు అంచులు మెట్లుమెట్లుగా తెగుతాయి. అందువల్ల ఉన్నవాటిలో తక్కువ కుదింపు గల నమోదును ఈ షాట్‌కు కేటాయించాలి.

నగరదృశ్యం ముందే సిద్ధమై ఉండడం ఉత్తమం. లేకపోతే కనీసం దానిలో సూర్యుడు ఏ వైపు ఉంటాడు, దిగంతరేఖ ఏ ఎత్తులో ఉంటుంది అన్నవి నిర్ణయమై ఉండాలి. కిటికీలోంచి ఎండ ఎడమ నుండి వస్తూ, వెలుపలి గోపురాల నీడలు కూడా ఎడమవైపుకే పడితే, ప్రేక్షకుడు కారణం చెప్పలేకపోయినా నమ్మడు.

8. లాగ్ షీట్, మూల్యాంకనం

ప్రతి టేక్‌కూ షాట్ సంఖ్య, టేక్ సంఖ్య, లెన్సు, ఎపర్చర్, షటర్, ఐఎస్ఓ, వర్ణోష్ణత, కెమెరా ఎత్తు, వంపు, నటునికి కెమెరాకు మధ్య దూరం నమోదు చేయాలి. చిత్రించేవాడు రాయలేడు కాబట్టి ఈ పనికి ఒకరిని ప్రత్యేకంగా నియమించాలి. ముగ్గురి జట్టులో ఆ మూడవ విద్యార్థి ఖాళీగా ఉన్నాడని అధ్యాపకులు భావించడం కద్దు, నిజానికి ప్రాజెక్టు జ్ఞాపకశక్తి అతడే. షటర్ విషయంలో మన దేశపు విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ అన్నది గుర్తుంచుకోవాలి. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 24 ఫ్రేముల వేగంలో 1/50 షటర్ పెడితే ఆ మినుకు చాలావరకు పట్టుబడదు, కదలిక మసక కూడా సహజంగా ఉంటుంది. ప్రతి టేక్‌నూ అవసరమైన నిడివికి ముందు, వెనుక కొన్ని సెకన్లు అదనంగా నడపాలి. కార్డును ఖాళీచేసేముందు ఫైళ్లు రెండు వేరువేరు డిస్కులలోకి చేరాలి.

ప్రస్తుతం అనేక చోట్ల విద్యార్థి ప్రాజెక్టుకు మార్కులు తుది వీడియోను బట్టే నిర్ణయమవుతున్నాయి. దీనివల్ల ఒక అన్యాయం జరుగుతోంది. శక్తిమంతమైన కంప్యూటర్ ఉన్న విద్యార్థి ప్రణాళిక లోపాన్ని రాత్రుల శ్రమతోనో, కొన్న సాఫ్ట్‌వేర్‌తోనో కప్పిపుచ్చగలడు. ల్యాబ్‌లో వంతు కోసం ఎదురుచూసే విద్యార్థికి ఆ అవకాశం లేదు. స్టోరీబోర్డ్, గది పటం, లాగ్ షీట్, ఖాళీ ప్లేట్లు, రిఫరెన్స్ టేకులు సమర్పించవలసిన వాటిలో భాగమై, వాటికి ప్రత్యేకంగా మార్కులుంటే, ఖర్చులేని శ్రద్ధకు విలువ కట్టినట్లవుతుంది. సాహిత్య పరిశోధనలో సేకరణ పత్రాలను, పాఠాంతర పట్టికలను పర్యవేక్షకుడు పరిశీలించినట్లే ఇక్కడా ముడిసామగ్రిని పరిశీలించవచ్చు.

చిత్రీకరణ ముగిసిన వెంటనే సామగ్రి సర్దుకోవడంలో తొందర కూడదు. మెస్ బల్లలను యథాస్థానానికి చేర్చేముందు, మూడు షాట్లనూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రెండు భాగాలను అతుకు రేఖ వద్ద తాత్కాలికంగా కలిపి, ట్రాకింగ్‌ను ఒకసారి నడిపి, గ్రీన్ మ్యాట్‌ను ఒక ఫ్రేములో తొలగించి చూడాలి. ఈ పరీక్షకు గంటన్నర పట్టవచ్చు. లోపం బయటపడితే నటుడు ఇంకా అదే చొక్కాలో ఉంటాడు, దీపాలు అదే చోట ఉంటాయి, కెమెరా కాళ్లు ఇంకా నేలకు అతికే ఉంటాయి. బల్లపై బొట్టుబిళ్లలను ఊడదీయడం ఆ తరువాతి పని.